పక్కింటికి పంపేది డికాషన్

ఇంటి కాఫీ: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఇరుగుపొరుగుతో, స్నేహితులతో కాఫీ పంచుకునేటప్పుడు మీకెదురయ్యే సందేహాలు రాయమని పోయిన నెల అడిగాను. సంచీ నిండా ఉత్తరాలొచ్చాయి. రాజమండ్రిలో మా మామగారి కాఫీ పొడి కొట్టులో, మర పక్కన కూర్చుని, 31 ఏళ్ళు గింజలు వేయించి, ఆడించి, పొట్లాలు కట్టినదాన్ని నేను. ఈ ఉత్తరాలు చదువుతుంటే మళ్ళీ కొట్టు తెరిచినట్టే ఉంది. కొన్నిటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: పిన్నిగారూ, మాది కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్. ఎదురు ఫ్లాట్‌లోకి రెండు నెలల కింద నల్గొండ వాళ్ళు వచ్చారు. ఇంటిల్లిపాదీ చాయ్ తాగుతారు. ఒకరోజు వాళ్ళ అత్తగారు మా ఇంటికొస్తే కాఫీ ఇచ్చాను, ఎంతో ఇష్టంగా తాగారు. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే ఒక గ్లాసు కలిపి మా బాబుతో పంపిస్తున్నాను. నిన్న వాళ్ళ కోడలు మొహమాటపడుతూ చెప్పింది, "అక్కా, అత్తమ్మ లేచేసరికి చల్లారుతుంది, మళ్ళీ వేడి చేస్తే మంచిగుంటలేదు" అని. మనసు చివుక్కుమంది. పంపడం మానేయనా?
– గృహిణి, హైదరాబాద్

జవాబు: మానకండమ్మా. పంపేది మార్చండి, చాలు. కలిపిన కాఫీ ఐదు నిమిషాలకు మించి ఆగదు. గ్లాసులో పోసిన కాసేపటికే నురగ దిగిపోతుంది, పైన తొరక కడుతుంది. దాన్ని మళ్ళీ పొయ్యి మీద పెడితే డికాషన్ పాలతో కలిసి మరుగుతుంది. ఆ మాడు వాసన, గొంతులో మిగిలిపోయే చేదు అందుకే. మీ కాఫీలో లోపమేం లేదు, అది మీ గడప దాటకుండా తాగాల్సిన వస్తువు.

డికాషన్ అలా కాదు. గట్టి మూత ఉన్న చిన్న స్టీలు డబ్బాలో పోసి పంపండి, మధ్యాహ్నం దాకా దాని గుణం పెద్దగా తగ్గదు. ఒక మనిషికి నాలుగు పెద్ద చెంచాలు సరిపోతుంది. ఆవిడ ఎప్పుడు లేస్తే అప్పుడు కోడలు తాజాగా పాలు కాచి అందులో పోస్తుంది. పాలు ఒక్క పొంగు రాగానే దించమనండి. ముందు గ్లాసులో పంచదార, దాని మీద డికాషన్, ఆ తర్వాత పాలు. రెండుసార్లు పైకెత్తి తిరగబోయమనండి. డికాషన్‌ను విడిగా పొయ్యి మీద పెట్టొద్దని మాత్రం గట్టిగా చెప్పండి. మరీ చల్లగా ఉంటే డబ్బాను వేణ్ణీళ్ళ గిన్నెలో రెండు నిమిషాలు ఉంచితే చాలు.

ఈ పద్ధతి మా అత్తగారిది. మాకూ పక్కింటివాళ్ళకూ మధ్య ఒకటే గోడ, ఆ గోడలో చిన్న కిటికీ. ఐదున్నరకల్లా ఆవిడ రెండు సీసాలు ఆ కిటికీలో పెట్టి, చెంచాతో ఊచ మీద టంగుమని కొట్టేవారు. అవతల నుంచి చెయ్యి వచ్చి సీసాలు తీసుకునేది. ఒక సీసా మెడకు ఎర్ర దారం కట్టి ఉండేది. అందులో రెండో డికాషన్, పల్చటిది. వాళ్ళింట్లో పెద్దాయనకు చిక్కటి కాఫీ పడేది కాదు, రాత్రి నిద్ర పట్టేది కాదు. తాగొద్దంటే చిన్నబుచ్చుకునేవారట. అందుకని ఆయనకోసమే ఆ ఎర్ర దారం. పక్కింట్లో ఎవరు ఎలా తాగుతారో మా అత్తగారికి నోటికి వచ్చు. మీరూ ఆ అత్తమ్మగారిని ఒకసారి అడగండి, చిక్కగానా, పల్చగానా, తీపి ఎంత అని. నల్గొండ చాయ్ అలవాటైన నోటికి మొదట్లో తీపి కాస్త ఎక్కువే కావాలి.

ప్రశ్న: అక్కయ్యగారూ, నా ఫిల్టర్‌లో డికాషన్ దిగదు. రాత్రి పోస్తే తెల్లారేదాకా చుక్కా చుక్కా. మా పక్కింటావిడ పొడి, నా పొడి ఒకే కొట్టువి. ఆవిడకు అరగంటలో దిగుతుంది. ఎక్కడ తప్పు చేస్తున్నాను?
– టీచర్, గుంటూరు

జవాబు: కొట్టులో నేను ఎక్కువసార్లు చెప్పిన జవాబు ఇదేనేమో. పొడి ఒకటే కాబట్టి పొడి తప్పు లేదు. మిగిలినవి మూడు, చెయ్యి, చిల్లులు, గాలి.

చాలామంది పొడి వేసి, పైన బిళ్ళ పెట్టి, కాడ పట్టుకుని బలంగా అదుముతారు. అలా చేస్తే పొడి పిడకలా గట్టిపడి నీళ్ళకు దారి ఉండదు. పై గిన్నెలో పొడి వేశాక పక్కన రెండుసార్లు మెల్లిగా తట్టండి, అది సమంగా సర్దుకుంటుంది. దాని మీద బిళ్ళ ఊరికే ఆనించండి. బొత్తిగా వదులుగా ఉన్నా కష్టమే, నీళ్ళు మూడు నిమిషాల్లో జారిపోయి డికాషన్ రంగు నీళ్ళలా ఉంటుంది.

తర్వాత నీళ్ళు. తెర్లుతున్న నీళ్ళు దించి, అర నిమిషం ఆగి, ముందు రెండు చెంచాలు మాత్రం బిళ్ళ చుట్టూ పోయండి. పొడి తడిసి, ఉబ్బి, చిన్న చిన్న బుడగలు వస్తాయి. తాజా పొడి అయితే ఆ బుడగలు ఎక్కువ. వేయించినప్పుడు గింజలో చేరిన గాలి బయటికొస్తోందన్నమాట. అది తగ్గాక మిగతా నీళ్ళు అంచుల వెంబడి సన్నగా పోయండి. ముగ్గురికి కావాలంటే గుట్టగా ఐదారు చెంచాల పొడి, అంటే 30 గ్రాములు, దానికి 180 మిల్లీలీటర్ల నీళ్ళు. పొడి తన బరువుకు రెండింతల నీళ్ళు తనలోనే ఉంచేసుకుంటుంది. కాబట్టి కిందికి 120 మిల్లీలీటర్ల దాకా దిగుతుంది. 180 పోస్తే 180 రాలేదేమని కంగారు పడకండి.

చిల్లులు పూడాయేమో కూడా చూడండి. పై గిన్నెను వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే తెలుస్తుంది. సూదితో పొడిస్తూ కూర్చుంటే చిల్లులు పెద్దవవుతాయి. స్టీలు ఫిల్టర్ అయితే పట్టకారుతో పట్టుకుని, అడుగుభాగాన్ని సన్నటి మంట మీద ఒక నిమిషం తిప్పండి. చిల్లుల్లో ఇరుక్కున్న పొడి మాడి బూడిదవుతుంది. చల్లారాక తడితే రాలిపోతుంది.

చివరిది ఎవరూ పట్టించుకోరు. పై గిన్నె కింది గిన్నెలో మరీ బిగుతుగా కూర్చుంటే కింద ఉన్న గాలికి బయటికి పోయే దారి ఉండదు, అదే డికాషన్‌ను దిగనివ్వదు. దిగడం ఆగిపోయిందనిపించినప్పుడు పై గిన్నెను కొంచెం పైకెత్తి మళ్ళీ పెట్టండి. చుక్కలు టపటపా మొదలైతే గాలే కారణం. మీ వర్ణన చూస్తే ఇదేననిపిస్తోంది. ఈసారి పొడి వేసేటప్పుడు మీ పక్కింటావిడను వంటింట్లోకి పిలిచి ఆవిడ చేత్తోనే ఒకసారి వేయించండి. పక్కన నిలబడి చూస్తే పట్టుబడినట్టు ఎంత చదివినా పట్టుబడదు.

ప్రశ్న: పై వాటాలో ఉండే ఆవిడ కాఫీ పొడి చేబదులుకు వస్తారు. చిన్న గిన్నెడు తీసుకెళ్ళి, ఇచ్చేటప్పుడు అరగిన్నె ఇస్తారు, అదీ వేరే రకం. అడగలేను, ఊరుకోలేను.
– తెనాలి

జవాబు: పావుకిలో పొడికి పాతిక గ్లాసులు వస్తాయి. గిన్నెడు పొడి అంటే నాలుగైదు గ్లాసులు. దానికోసం మాట పోగొట్టుకోవద్దు. వేరే రకం పొడిని మాత్రం మీ డబ్బాలో కలపకండి, రెండూ పాడవుతాయి. "పొడి ఎందుకండీ, డికాషన్ ఉంది, పట్టుకెళ్ళండి" అనండి. ఆవిడ అవసరం తీరుతుంది, తిరిగివ్వాల్సిన లెక్క ఉండదు. మా ఇంట్లో చేబదులు తెచ్చుకునేటప్పుడు గిన్నె అంచుకు సమంగా తెచ్చి, ఇచ్చేటప్పుడు గోపురంలా పోసి ఇచ్చేవాళ్ళం. అది మన వైపు నుంచి మనం పాటించేదే తప్ప అవతలివాళ్ళను అడిగేది కాదు.

ప్రశ్న: మా స్నేహితురాలికి నేను వాడే పొడి ఇచ్చాను. "ఇందులో చికోరీ ఉంది, ఇది కల్తీ" అని తిరిగి ఇచ్చేసింది. చికోరీ కల్తీయేనా?
– విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: చెప్పకుండా కలిపితే కల్తీ తల్లీ, చెప్పి కలిపితే కాదు. చికోరీ ఒక మొక్క వేరు. దాన్ని ఎండబెట్టి, వేయించి, పొడి కొడతారు. అందులో కెఫీన్ ఉండదు. డికాషన్‌కు చిక్కదనం, ముదురు రంగు, కాస్త తీపి కలిసిన చేదు ఇస్తుంది. మన దేశంలో నిబంధన ప్రకారం కాఫీ–చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, ఎంతెంత కలిపారో ప్యాకెట్ మీద రాయాలి. ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడు.

ఇంట్లో చూడాలంటే గాజు గ్లాసులో చల్లటి నీళ్ళు పోసి, పైన చిటికెడు పొడి చల్లు. కాఫీ కాసేపు తేలుతుంది. చికోరీ వెంటనే మునుగుతూ, వెనక గోధుమరంగు చారలు వదులుతుంది.

నా మట్టుకు నేను పాల కాఫీకి 80 పాళ్ళు కాఫీ, 20 పాళ్ళు చికోరీ కలుపుతాను. పాలు లేకుండా తాగేవాళ్ళకు చికోరీ అసలు వద్దు. చికోరీ 40 పాళ్ళు దాటితే మాత్రం అది కాఫీ అనిపించదు నాకు. మీ స్నేహితురాలికి ఏ చికోరీ లేని పొడి ఒక వంద గ్రాములు కొని ఇవ్వు. నీ ఫిల్టర్‌లో ఒకటి, ఆమె ఫిల్టర్‌లో ఒకటి వేసి ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తాగండి. ఒకరినొకరు ఒప్పించుకోనక్కర్లేదు.

ప్రశ్న: పాడేరులో పనిచేసే స్నేహితుడు సంక్రాంతికి వస్తూ కిలో పచ్చి కాఫీ గింజలు తెచ్చిచ్చాడు. వాటిని ఏం చేయాలో తెలియక అలాగే ఉంచాను. ఇంట్లో వేయించవచ్చా? ఇరుగుపొరుగుకూ పంచాలని ఉంది.
– బ్యాంకు ఉద్యోగి, అనకాపల్లి

జవాబు: ఈ ఉత్తరం చదివి నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. మీ చేతిలో ఉన్నవి మన మన్యం గింజలు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో పాడేరు, అరకు, చింతపల్లి కొండల మీద, సుమారు మూడు వేల అడుగుల ఎత్తులో, సిల్వర్ ఓక్ చెట్ల నీడన గిరిజన రైతులు పండించే అరబికా రకం కాఫీ అది. ఆ చెట్లకే మిరియాల తీగలు పాకి ఉంటాయి. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చలికాలంలో ఎర్రగా పండిన పళ్ళను ఒక్కొక్కటిగా చేత్తో ఏరతారు. ఒక పండులో రెండు గింజలు ఉంటాయి. ఎప్పుడైనా ఒక్కటే గుండ్రంగా ఉంటే దాన్నే పీబెర్రీ అంటారు.

ఒక్కసారి మొత్తం వేయించొద్దు. పచ్చి గింజలు తడి తగలకుండా గుడ్డ సంచీలో ఉంచితే నెలల తరబడి ఉంటాయి. వేయించినవి మూడు వారాలు బాగుంటాయి, పొడి పది పదిహేను రోజులు. కాబట్టి వారానికి 200 గ్రాములు చాలు.

మందపాటి ఇనప మూకుడు పెట్టి, మధ్యస్థంగా మంట ఉంచి, గింజలు పోసి చెక్క గరిటెతో కలుపుతూనే ఉండండి. చెయ్యి ఆగకూడదు, ఆగితే ఒకవైపు మాడి ఇంకోవైపు పచ్చిగా ఉంటాయి. కిటికీలు తెరవండి, పొగ వస్తుంది. మొదట పచ్చిగడ్డి వాసన వస్తుంది. ఐదారు నిమిషాలకు గింజ పసుపురంగుకు తిరిగి, వేయించిన బఠాణీల వాసన వేస్తుంది. తర్వాత గోధుమరంగు, పైపొట్టు రేగడం. పన్నెండు, పదిహేను నిమిషాలకు పేలాలు పేలినట్టు చిటపటమంటాయి. అక్కణ్ణుంచి గింజ క్షణక్షణానికి మారుతుంది. ఫిల్టర్ కాఫీకి ఆ చప్పుడు సద్దుమణిగాక ఇంకో నిమిషం, నిమిషంన్నర చాలు. గింజ మీద నూనె మెరవకముందే దించాలి.

మా మామగారు చెవితో వేయించేవారు. చేత్తో తిప్పే ఇనప డ్రమ్ము ఉండేది. చిటపట మొదలవగానే బేరం మధ్యలో ఉన్నా సరే, మాట ఆపేసి, తల కొంచెం పక్కకు వంచి వినేవారు. ఎదురుగా ఉన్న మనిషికి కూడా తెలుసు, అప్పుడు మాట్లాడకూడదని. చప్పుడు సన్నబడ్డాక డ్రమ్ము వంచి, గింజలు జల్లెడలో పోసి, అప్పుడు "ఆఁ, చెప్పండి" అనేవారు.

దించగానే చేటలో పోసి ఫ్యాను కింద చెరగండి. పొట్టు ఎగిరిపోతుంది, గింజలు చల్లారతాయి. వాటిని మూకుడులోనే వదిలేస్తే ఆ వేడికి ఇంకా మాడుతూనే ఉంటాయి. 200 గ్రాములు 170 దాకా తూగుతాయి, నీరు పోతుంది కదా. ఆ రోజే పొడి కొట్టకండి. మూత వదులుగా పెట్టి ఒక రోజంతా ఉంచితే లోపలి గాలి పోయి రుచి నిలకడపడుతుంది. మర్నాడు మిక్సీలో ఆపి ఆపి తిప్పండి, ఏకధాటిగా తిప్పితే పొడి వేడెక్కుతుంది. పొడి పసుపులా మెత్తగా ఉండకూడదు, ఉప్మా రవ్వంత బరకగానూ ఉండకూడదు. వేళ్ళ మధ్య రుద్దితే సన్న ఇసుకలా తగలాలి.

పంచేటప్పుడు చిన్న పొట్లాల్లో, 50 గ్రాములకు మించకుండా, పైన తేదీ రాసి ఇవ్వండి. "పది రోజుల్లో తాగేయండి" అని చెప్పి మరీ ఇవ్వండి. చాలామంది ఎవరైనా వస్తే తీద్దామని దాచిపెడతారు. మొదటి పొట్లం ఆ పాడేరు స్నేహితుడిదే సుమా. గింజలు తెచ్చినవాడికి వేయించిన పొడి వెళ్ళాలి.

ప్రశ్న: ఆంటీ, డాలస్‌లో ఉంటాం. వచ్చే నెల ఇంట్లో సత్యనారాయణ వ్రతం. 15 మంది స్నేహితులొస్తారు. నా దగ్గరున్నది ముగ్గురికి సరిపోయే ఫిల్టర్. అందరికీ ఇన్‌స్టంట్ ఇవ్వాలంటే మనసొప్పడం లేదు, వంట టెన్షన్ ఎటూ ఉంది.
– సాఫ్ట్‌వేర్ ఇంజినీర్, టెక్సస్

జవాబు: ఫిల్టర్ వదిలేసి మన కాఫీ హోటళ్ళ పద్ధతి పట్టుకోండి, గుడ్డ సంచీ. ఉతికిన తెల్లటి నూలు గుడ్డ, సబ్బు వాసన లేనిది, రెండు మడతలు వేసి లోతైన గిన్నె అంచులకు క్లిప్పులతో బిగించండి. 15 మందికి 150 గ్రాముల పొడి. మరిగి దించిన నీళ్ళు 900 మిల్లీలీటర్లు కొంచెం కొంచెంగా పోయండి. 600 దాకా డికాషన్ దిగుతుంది, మనిషికి 40 చొప్పున సరిపోతుంది. పిండకండి, పిండితే మడ్డి దిగి చేదెక్కుతుంది. ముందురోజు రాత్రే చేసి, సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టేయండి. వ్రతం రోజు కథ మొదలవగానే సీసా బయట పెడితే ప్రసాదం వేళకు చలి విరుగుతుంది. పాలు లీటరున్నర, వెన్న తీయనివి. అక్కడి పాలు పల్చగా అనిపిస్తే ఐదు నిమిషాలు సన్నటి మంట మీద కాచండి. పంచదార లేకుండా కలిపి, పక్కన పంచదార గిన్నె పెట్టండి. పదిహేను మందిలో ముగ్గురికైనా తీపి వద్దు.

ప్రశ్న: పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకుని వెంటనే పక్కింటి వదినతో కాఫీ తాగడం అలవాటు. ఆవిడ ఐరన్ మాత్రలు కాఫీతోనే మింగుతుంది. ఫర్వాలేదా?
– కర్నూలు

జవాబు: ఇద్దరూ మార్చుకోవాలి. కాఫీ థైరాయిడ్ మాత్రను ఒంటికి సరిగా పట్టనివ్వదు. మాత్ర మంచినీళ్ళతో వేసుకుని, కనీసం అరగంట, కుదిరితే గంట ఆగి తాగండి. ఐరన్‌ను కూడా కాఫీ అడ్డుకుంటుంది, వదినగారిని మాత్రకూ కాఫీకీ మధ్య రెండు గంటలు ఎడం ఉంచమనండి. మిగతాది మీ డాక్టర్ని అడగండి. మీ ఇద్దరి కాఫీ ఏడింటికి మార్చుకుంటే సరి.

ప్రశ్న: అమ్మా, నాకు 72 ఏళ్ళు. నా భార్య పోయి ఎనిమిది నెలలైంది. పక్కవాళ్ళు ప్రేమగా కాఫీ పంపుతున్నారు, కాదనలేను. కానీ 46 ఏళ్ళు తాగిన కాఫీ వేరు. ఆమె ఇత్తడి ఫిల్టర్ ఉంది. లోపల కళాయి పోయింది. ఆమె ఎంత పొడి వేసేదో నేనెప్పుడూ అడగలేదు. నేర్చుకోవాలని ఉంది. ఆలస్యమైందంటారా?
– విశ్రాంత ఉద్యోగి, కాకినాడ

జవాబు: ఆలస్యం కాలేదు అన్నయ్యగారూ. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

కళాయి పోయిన ఇత్తడిలో డికాషన్ వేయకండి, చిలుము దిగుతుంది. ఇత్తడి సామాన్ల కొట్లో అడిగితే కళాయి వేసేవాళ్ళను చెబుతారు. స్వచ్ఛమైన తగరంతోనే వేయమనండి, సీసం కలవకూడదు. అది వచ్చేలోగా చిన్న స్టీలు ఫిల్టర్‌తో చెయ్యి అలవాటు చేసుకోండి. పై గుంటూరు టీచర్ గారికి రాసిన పద్ధతే మీకూ. ఆవిడ ఏ కొట్టులో పొడి కొనేవారో మీకు గుర్తుంటుంది, లేకపోతే కొట్టువాళ్ళకు గుర్తుంటుంది. రోజూ వచ్చే మనుషులు పొడి ఏ పాళ్ళలో కలిపించుకునేవారో కొట్టువాళ్ళం మేం మరచిపోం. వెళ్ళి ఆవిడ పేరు చెప్పి అడగండి.

పొడి ఎంతో మీరు అడగలేదన్నారు. ఆ ఫిల్టర్ పై గిన్నె లోపల టార్చి వేసి చూడండి. ఏళ్ళ తరబడి ఒకే కొలత పడితే ఆ ఎత్తున చుట్టూ ముదురు గోధుమరంగు గీత ఒకటి ఏర్పడుతుంది. తోమినా పూర్తిగా పోదు. బిళ్ళ అక్కడ ఆనేది కాబట్టి సన్నటి గీతలు కూడా పడి ఉంటాయి. కళాయి వేసేవాళ్ళు లోపలంతా గీకేస్తారు, అది పోతుంది. అందుకని ఇచ్చే ముందే, తడి లేకుండా తుడిచి, సరిగ్గా ఆ గీత దాకా పొడి పోయండి. మీ ఇంట్లో చెంచాతో ఎన్ని చెంచాలయిందో లెక్కపెట్టి రాసి పెట్టుకోండి.